ప్రార్థనంత పొడుగు ప్రకటన

రేడియోలో ప్రకటన రాగానే సౌండు తగ్గించేయాలన్నది ఏసుపాదం మేష్టారు పెట్టిన చట్టం. అది ఆయనింట్లోనూ, దడికి అవతలున్న అక్క పాపాయమ్మ ఇంట్లోనూ కూడా అమల్లో ఉంది. జనం సొమ్ముతో నడిచే సర్కారు రేడియో ఆ జనానికే సబ్బులూ, టైల్సూ, తాకట్టు అప్పులూ అమ్మిపెట్టడమేమిటని ఆయనకి మహా మంట. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియక సౌండు నాబ్ మీద చూపించేవాడు.

తగ్గించడం సరే, మళ్ళీ ఎప్పుడు పెంచాలి? పూర్తిగా తిప్పేస్తే ప్రకటన అయిందో లేదో తెలియదు. సగం తిప్పితే చెవిలో పడనే పడుతుంది. దీనికి పాపాయమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. నాబ్ తిప్పేసి, కళ్ళు మూసుకుని, 'పరలోకమందున్న మా తండ్రీ' అంటూ కంఠతా వచ్చిన పరలోక ప్రార్థన ఒకసారి చదువుకునేది. 'ఆమెన్' అని కళ్ళు తెరిచి నాబ్ పెంచేసరికి సబ్బు అరిగిపోయి పాట వచ్చేసి ఉండేది. "సైతానుగాడు వాగినంతసేపూ దేవుడితో మాట్లాడుకుంటే సరి" అనేది. మేష్టారు నాలుగు రోజులు పరీక్షించి చూసి, ప్రకటనలన్నీ సుమారుగా ఒక ప్రార్థన పొడుగే ఉంటున్నాయని ఒప్పుకున్నాడు. మలికిపురంలో కొబ్బరికాయల వ్యాపారం చేసే ఆయన స్నేహితుడు రమణబాబు ఇది విని, "మీ అక్కగారికి వచ్చే పుణ్యంలో సగం సబ్బుల కంపెనీదేనండీ మేష్టారూ" అని నవ్వేవాడు.

అక్క అంటే మాటవరసకి అక్క, నిజానికి అమ్మే. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే ఊడ్పులకెళ్ళి, కోతలకెళ్ళి, కొబ్బరి పీచు నెత్తిన మోసి తమ్ముణ్ణి ట్రైనింగు స్కూలు దాకా చదివించింది. తను మాత్రం అక్షరం ముక్క నేర్చుకోలేదు. ఏసుపాదం మొదటి జీతంతో ఆవిడకి రేడియో కొనిచ్చాడు. "చదువు లేదని బాధపడకక్కా. ఇందులో చెప్పేదంతా పెద్ద పెద్దవాళ్ళు సరిచూసి చెబుతారు. రేడియో అబద్ధం ఆడదు" అన్నాడు. పాపాయమ్మ ఆ మాటను చర్చిలో విన్న వాక్యంతో సమానంగా పట్టుకుంది. తొంభైయ్యారు తుపాను నాడు రేడియోలో హెచ్చరిక విని, ఇల్లు కదలనని మొరాయించిన మొగుణ్ణి నానా మాటలూ అని, చర్చి స్లాబు కిందకి ఈడ్చుకుపోయింది. మర్నాడు వచ్చి చూస్తే తాటాకిల్లు ఉన్న చోట బురద తప్ప ఏమీ లేదు. మొగుడు ఆ తరువాత పదేళ్ళు బతికి, మంచంలో పోయాడు. ఆ పదేళ్ళూ రేడియో పెట్టిన భిక్షేనని ఆవిడ లెక్క.

రిటైరయ్యాక ఏసుపాదం, రమణబాబూ కలిసి శ్రోతల సంఘం నడిపారు. ఒకప్పుడు పదిమంది కూడితే పండగలా ఉండేది. కార్డు మీద సభ్యుల పేర్లన్నీ రాసి పంపితే, పాటకి ముందు ఆ పేర్లన్నీ వరసగా చదివేవారు. "ఒరేయ్ ఏసూ, ఓసారి నా పేరు కూడా రాయరా, రేడియోలో ఎలాగుంటుందో వింటాను" అని పాపాయమ్మ అడిగేది. "సంఘం కార్డు మీద సభ్యుల పేర్లే రాయాలక్కా, రూలు" అనేవాడు మేష్టారు. రూలంటే రూలే ఆయనకి. తరవాత్తరవాత సంఘం పని పాటలు కోరడం కాక పోట్లాడడం అయింది. పాట మధ్యలో ప్రకటన ఎందుకు కోశారు? పాడిపంటలు కార్యక్రమం తీసేసి లక్కీ డ్రా ఎందుకు పెట్టారు? వరదలప్పుడు గోదావరి నీటిమట్టం చెప్పే వేళకి నగల దుకాణం వాడు ఎందుకు పాడుతున్నాడు? కార్డు మీద కార్డు రాశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఇంత కాపలా కాసిన మనిషి ఇంట్లోకి దొంగ దొడ్డిదారిన రాలేదు. ముందు గుమ్మంలోంచే, నమస్కారం పెట్టి మరీ వచ్చాడు.

పొద్దున్న వార్తలయ్యాక 'ఆరోగ్యదీపం' అని అరగంట కార్యక్రమం వస్తుంది. ముందు వేణువు మీద ఒక చిన్న ముక్క వాయిస్తారు. ఆ తరువాత ఒక పెద్దాయన గొంతు "శ్రోతలకు నమస్కారం" అంటుంది. ప్రభుత్వాసుపత్రి డాక్టర్లు వచ్చి శ్రోతల ఉత్తరాలకు జవాబులు చెబుతారు. ఏళ్ళ తరబడి అదే వరస. కిందటి వానాకాలానికి ముందు ఒక కొత్త డాక్టరు వచ్చాడు. అదే వేణువు, అదే నమస్కారం. కొత్తాయన గొంతు మజ్జిగలా చల్లగా ఉంది. చక్కెర జబ్బుకి మింగే మాత్రలు మూత్రపిండాలను తినేస్తాయన్నాడు. పుండు పడితే కత్తి పెట్టించుకోవద్దన్నాడు. మధుశూన్య చూర్ణమని ఒక పొడి ఉందనీ, దాంతో మాత్రలూ కత్తీ రెండూ అక్కర్లేదనీ చెప్పి, ఫోను నంబరు నిదానంగా రెండుసార్లు చదివాడు. మిస్డ్ కాల్ ఇస్తే చాలట, వాళ్ళే ఇంటికి పంపుతారట.

ఆ పొద్దున ఏసుపాదం అక్క అరుగు మీదే కూర్చుని టీ తాగుతున్నాడు. రేడియో చేతికి అందేంత దూరంలోనే ఉంది. ప్రకటన అంటే ఆయన దృష్టిలో డప్పు మోగాలి, ఆడపిల్ల నవ్వాలి, మాటలు గబగబా దొర్లాలి. ఇక్కడ అవేమీ లేవు. "డాక్టరుగారు బాగా విడమరిచి చెబుతున్నారు" అని కూడా అని, గ్లాసు పెట్టేసి లేచిపోయాడు. ఆ ఒక్క మాట తరవాత ఎన్నిసార్లు గుర్తొచ్చినా నాలుక కోసుకోవాలనిపించింది ఆయనకి.

పాపాయమ్మకి ఎన్నో ఏళ్ళుగా చక్కెర జబ్బు. ఆవిడ పాదానికి కొబ్బరి ఈనె గుచ్చుకున్న సంగతి ఎవరికీ తెలియదు. చక్కెర ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది కనక ఆవిడకీ తెలియలేదు. ముందు కనిపెట్టింది ఏసుపాదం భార్య కుమారి.

"ఏవండీ, వదినగారి గదిలో ఏదో వాసనొస్తోందండీ. ఎలక చచ్చిందేమోనని అంతా వెతికేను. ఎలక కాదండీ" అంది.

వెళ్ళి చూస్తే బొటనవేలు నేరేడుపండు రంగులో ఉంది. రేడియో వెనకాల గోడవారగా మధుశూన్య చూర్ణం డబ్బాలు వరసగా ఉన్నాయి. మాత్రల చీటీ పెట్టెలో అడుక్కి పోయింది.

"ఎప్పటినుంచక్కా మాత్రలు మానేసేవు?"

"వానల ముందు నుంచీ. డాక్టరుగారు మానేయమన్నారు కదరా. నువ్వూ విన్నావు కదా."

అమలాపురంలో డాక్టర్ లక్ష్మీతులసి కాలు చూసి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "వేలు తీసేయాలండీ మేష్టారూ. ఈ వారంలోనే. ఇన్సులిన్ మొదలెట్టాలి, లోపల చీము పట్టింది. ఇంకా ఆలస్యమైతే పాదం, ఆ తరవాత మోకాలు. ఆ తరవాత నేనేం చెప్పలేను." పొడి సంగతి చెబితే ఆవిడ ముఖం ఎర్రబడింది. "అది డాక్టర్ల కార్యక్రమం కాదండీ. రేడియోలో టైం కొనుక్కుని వాళ్ళ సరుకు వాళ్ళే చెప్పుకునేది. ఆ పొడి వేసుకుని వచ్చినవాళ్ళని చాలామందిని చూసేనండీ నేను."

పాపాయమ్మ మాత్రం నిమ్మళంగా బల్ల దిగింది. "పాపం, చిన్నపిల్ల. పెద్ద డాక్టరుగారికి తెలిసినంత ఈ అమ్మాయికేం తెలుస్తుందిలే. ఇంటికి పదరా" అంది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు యుద్ధం.

"అది ప్రకటన అక్కా."

"ప్రకటనైతే నువ్వు సౌండు తగ్గించేవాడివి కదరా."

ఏసుపాదం ఆవిడ మంచం పక్కన కింద కూర్చున్నాడు.

"మొదటిరోజు నువ్విక్కడే కూర్చున్నావు. సబ్బు పేరెత్తితేనే గయ్యిమని తిప్పేసేవాడివి, ఆ వేళ చెయ్యి కూడా ఎత్తలేదు. బాగా చెబుతున్నారన్నావు. నీ మాట మీదేరా నేను మొదలెట్టింది."

"నేను పొరబడ్డానక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను, పొరబడ్డాను."

"మనిషన్నాక పొరబడతాడు. నువ్వూ పొరబడతావు, ఆ పిల్లా పొరబడుతుంది. రేడియో పొరబడదని చెప్పింది నువ్వే. తుపాను నాడు ఊరంతా ఏం కాదన్నారు. అదొక్కటే అవుతుందంది. అయిందా లేదా?" ఆవిడ గొంతులో కోపం లేదు, మొండితనం కూడా లేదు. ఉన్నదల్లా నమ్మకం. "రేడియోలో చెప్పమను. ఆ పొడి మందు కాదని రేడియోలో నా చెవులతో నేను వింటే, ఆ క్షణమే మానేస్తాను. నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి కాలు చాపుతాను."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, నలభై ఏళ్ళు తను నూరిపోసిన నమ్మకం ఇలా తన ముందే గోడ కట్టి నిలబడింది. పాస్టరు గారొచ్చి చెప్పారు. కుమారి ఏడ్చి చెప్పింది. ఏసుపాదం డబ్బాలన్నీ పట్టుకెళ్ళి కాలవలో పారేశాడు. పాపాయమ్మ తన చిన్న ఫోను తీసి మిస్డ్ కాల్ ఇచ్చింది, కొత్త డబ్బాలొచ్చాయి. కుమారి మాత్ర నూరి పప్పులో కలిపితే, ఒక ముద్ద తిని, "చేదుగా ఉందమ్మా, ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు" అని మెల్లగా కంచం పక్కకి జరిపింది. ఆ తరువాత తమ్ముడింటి నుంచి వచ్చిన కూర ముట్టడం మానేసింది. తన కూర తనే వండుకుంది, ఆ కాలితోనే నిలబడి.

ఇక మిగిలింది ఒక్కటే దారి. రేడియో చేత చెప్పించాలి.

ఏసుపాదం, రమణబాబూ బస్సులు మారి, గోదావరి దాటి స్టేషనుకి వెళ్ళారు. రాజేంద్రప్రసాద్ అనే అధికారి ఎదురొచ్చి, కుర్చీలు వేయించి, కాఫీ తెప్పించాడు.

"మీ సంఘం కార్డులు నేనే చదువుతానండీ మేష్టారూ. మీ దస్తూరీ చూస్తే ముచ్చటేస్తుంది."

"దస్తూరీ సంగతి అలా ఉంచండి. ఆరోగ్యదీపం ఎవరు చేస్తున్నారండీ?"

అధికారి కాఫీ కప్పులోకి చూశాడు. "ఆ అరగంట ఇప్పుడు మాది కాదండీ. అమ్మేశాం. స్టేషను నడవాలి కదండీ, ఇంత ఆదాయం తెమ్మని పైనుంచి ఒత్తిడి."

"మరి ఆ వేణువు మీది కాదా?"

"ట్యూనుతో సహా కావాలన్నారండీ వాళ్ళు. జనానికి అలవాటైన ట్యూను కదా అని."

"నమస్కారం చెప్పే పెద్దాయన?"

"ఆయన పోయి చాలాకాలమైందండీ. పాత రికార్డింగు."

టైం అమ్ముకున్నారంటే పోనీ, ఆకలి అనుకోవచ్చు. జనం నమ్మకాన్ని మూట గట్టి, పైన పోయినవాడి గొంతు పెట్టి అమ్మారే! కంచే చేను మేస్తే కాపు ఎక్కడ మొరపెట్టుకుంటాడు?

"ఒక్క మాట చెప్పించండి బాబూ. ఇది డబ్బు కట్టి చేసుకున్న ప్రకటన అని ముందొక్క మాట. మా అక్క కాలు పోతుంది. మీ నోటి నుంచి వస్తే తప్ప వినదు." ఆయన లేచి రెండు చేతులూ జోడించాడు. ఎన్ని వందలమంది పిల్లల చేత దణ్ణాలు పెట్టించుకున్న చేతులో అవి.

రాజేంద్రప్రసాద్ కంగారుగా లేచి ఆ చేతులు పట్టుకున్నాడు. "అయ్యో, మీరు పెద్దవారండీ. నాకు చేతనైతే చేద్దునండీ. వాళ్ళకి వ్యతిరేకంగా ఒక్క మాట వెళ్ళినా నా ఉద్యోగం పోతుంది. ఒక అర్జీ రాసివ్వండి, పైకి పంపుతాను." మనిషి మంచివాడే. ఆ మంచితనం పాపాయమ్మ కాలి బొటనవేలికి కూడా సాయపడదు.

తిరుగు బస్సులో రమణబాబు హఠాత్తుగా ఇటు తిరిగాడు. "మేష్టారూ, గురువారం మధ్యాహ్నం కోరిన పాటలండీ. ఫోను చేసినవాళ్ళ మాట నేరుగా గాల్లోకి పోతుంది. మనం వాళ్ళని చెప్పమని బతిమాలడం ఎందుకండీ? మీరే చెప్పేయండి."

గురువారం దాకా ఏసుపాదం అన్నం సహించక తిరిగాడు. ఆ రోజు పొద్దున అక్క దగ్గరకెళ్ళి, "మధ్యాహ్నం కోరిన పాటలు తప్పకుండా విను అక్కా" అన్నాడు. తను మాట్లాడబోతున్నానని చెప్పలేదు. చెబితే, "నువ్వు చెప్పేదానికి రేడియో ఎందుకురా" అనేస్తుందని భయం.

"ఎప్పుడు వినలేదురా?" అంది పాపాయమ్మ. మంచం మీద నుంచి కాలు దించలేదు. ముఖం వేడిగా, కళ్ళు మెరుస్తూ ఉన్నాయి.

రమణబాబు కొట్టంలో కొబ్బరికాయల రాసుల మధ్య సంఘం సభ్యులంతా తలో ఫోను పట్టుకుని కూర్చున్నారు. లైను దొరకడం అంటే లాటరీ. పాటల కార్యక్రమం మొదలైన దగ్గర నుంచీ నొక్కినవాళ్ళు నొక్కుతూనే ఉన్నారు. ఎంగేజీ, ఎంగేజీ. చివరికి రమణబాబు ఫోనే తగిలింది. ఆయన గబుక్కున స్పీకరు నొక్కి మేష్టారి చేతిలో పెట్టి, కొట్టంలో రేడియో ఆపేశాడు. అటు నుంచి ఎవరో పాట పేరు అడిగి రాసుకుని, లైన్లో ఉండమన్నారు. అక్కకి ఇష్టమైన పాత పాట చెప్పాడు ఏసుపాదం.

ఫోన్లో ముందు డప్పు మోగింది. ఈ కాల్‌ను మీకు సమర్పిస్తున్నవారు ఫలానా టైల్స్ అని ఒక ఆడపిల్ల నవ్వింది. ఆ వెంటనే కార్యక్రమం నడిపే దుర్గాశ్రీ గొంతు వినబడింది.

"నమస్కారమండీ, ఎవరు మాట్లాడుతున్నారు?"

"మలికిపురం దగ్గర నుంచండీ. ఏసుపాదం."

"ఆయ్, చెప్పండి ఏసుపాదం గారూ. మీ పాట ఎవరెవరికి వినిపించమంటారు?"

"మా అక్క పాపాయమ్మకండీ. అక్కా, పొద్దున ఆరోగ్యదీపంలో చెప్పే పొడి మందు కాదక్కా. అది ప్రకటన. ఆ అరగంట అమ్మేశారు, స్టేషను వాళ్ళే నాతో చెప్పేరు. ఆ పొడి మానేసి మాత్రలు వేసుకో అక్కా. ఆసుపత్రికి పద. రేడియోలో చెప్పమన్నావు కదా, ఇదిగో చెబుతున్నాను…"

దుర్గాశ్రీ వెంటనే లైను తెంపేయాలి. తెంపలేదు. పైగా ఆ అమ్మాయి తనే, "పాపాయమ్మ గారూ, విన్నారు కదండీ. మీ తమ్ముడుగారు చెప్పినట్టు చెయ్యండి" అంది. పాట మొదలైంది.

కొట్టంలో పెద్దవాళ్ళంతా పిల్లల్లా కేకలేశారు. రమణబాబు మేష్టార్ని కావలించుకుని ఏడ్చేశాడు. రేడియో చెప్పింది! రేడియో తన సొంత గొంతుతో అక్కను పేరు పెట్టి పిలిచి చెప్పింది! ఏసుపాదం ఆటో ఎక్కాడు. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇందాకా రేడియోలో మాట్లాడింది మీరేనా అండీ? మా అమ్మ కూడా ఆ పొడే వాడుతుందండీ, ఇప్పుడే ఫోను చేసి పారేయమన్నానండీ" అన్నాడు. ఆయన ఆ మనిషి భుజం నిమిరి, తొందరగా పోనివ్వమన్నాడు. అమలాపురానికి ఇదే ఆటోలో వెళ్ళిపోవచ్చనుకున్నాడు.

పేట మొదట్లో దిగి దాదాపు పరిగెత్తాడు. పాపాయమ్మ మంచం మీద పడుకుని, రేడియోలో పాట అయిపోయినా అదే సన్నగా కూనిరాగం తీస్తోంది.

"వచ్చేవా? నాకిష్టమైన పాట వేసేరురా. నువ్వేగానీ కోరేవా?"

"పాటకి ముందేం విన్నావక్కా?"

"ముందేముంది? ప్రకటన. డప్పు మోగగానే తిప్పేసేను."

"తిప్పేసి… ప్రార్థన చదివి పెంచలేదా?"

"చదివేను. చదివేక నీ కోసం కూడా దేవుణ్ణి కాసేపు అడిగేనురా. నా గురించి బెంగెట్టుకుని అన్నం కూడా మానేసేడంట, వాడికి కాస్త నెమ్మదివ్వు తండ్రీ అని. అందుకని ఈ వేళ కాస్త ఆలస్యమైంది. నేను పెంచేసరికి పాట మొదలైపోయింది."

ఏసుపాదం రేడియో నాబ్ పట్టుకుని చూశాడు, పూర్తిగా పెంచి ఉంది.

అప్పుడే పక్కింటి దానం రొప్పుతూ వచ్చాడు. "పాపాయమ్మ గారూ! రేడియోలో మీ పేరొచ్చిందండీ! మేమందరం విన్నామండీ!"

పాపాయమ్మ మోచేతుల మీద లేచింది. జ్వరం ముఖం మీద ఎన్నాళ్ళకో వెలుగొచ్చింది. "నా పేరా? రేడియోలోనా? ఏమని చెప్పేరు?"

"మాత్రలు వేసుకోమన్నారక్కా" అన్నాడు ఏసుపాదం. "ఆసుపత్రికి వెళ్ళమన్నారు. పాపాయమ్మ గారూ అని ఆ అమ్మాయే పిలిచింది."

"గారూ అందా?" ఆవిడ రేడియో వైపు చాలాసేపు చూసింది. పోయిన వస్తువు కోసం వెతికినట్టు చూసింది. తరవాత తల అడ్డంగా తిప్పింది. "నేను వినలేదు కదరా. నువ్వు నా ప్రాణం కోసం ఏదైనా చెబుతావు. దానానికీ నేర్పుతావు. వచ్చే గురువారం ఇంకోసారి చెప్పమను. ఈసారి డప్పు మోగినా తిప్పను. ప్రభువు వద్దన్నాడు, ఒట్టు పెట్టకూడదు గానీ, నిజంగా తిప్పను."

ఆయన ఆవిడ మంచం పట్టె మీద తల బాదుకున్నాడు. పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చాడు. పాపాయమ్మ ఆయన తల నిమురుతూ, "వారం ఎంతసేపురా, ఇట్టే తిరిగొస్తుంది" అని ఓదార్చింది.

వారం తిరిగొచ్చింది. సంఘం వాళ్ళు మళ్ళీ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. కార్యక్రమం మొదట్లోనే ఎవరో కొత్త గొంతు చెప్పింది, ఇకమీదట శ్రోతల ఫోన్లు ముందుగా రికార్డు చేసి, ఎంపిక చేసినవే వినిపిస్తారట. దుర్గాశ్రీ గొంతు ఆ రోజూ రాలేదు, ఆ తరవాతా రాలేదు. పాపాయమ్మ ఆ మధ్యాహ్నం నాబ్ ముట్టుకోకుండా, డప్పులూ నవ్వులూ అన్నీ ఓర్చుకుని, తన పేరు కోసం చివరి పాట దాకా విన్నది. పేరు రాలేదు. మర్నాటికి ఒళ్ళు తెలియని జ్వరం వచ్చింది. ఇక ఆవిడను ఒప్పించవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది.

అమలాపురం దారిలో వైనతేయ నది వంతెన మీద ఆటో పోతుంటే ఏసుపాదం అక్క తల ఒళ్ళో పెట్టుకుని, ప్రభువా, ఈవిడను వదిలెయ్, కావలిస్తే నన్ను పట్టుకో అని పైకే అన్నాడు. డాక్టర్ లక్ష్మీతులసి ఒక్క మాట కూడా నిష్ఠూరమాడలేదు. మోకాలి కింద దాకా తీసేసింది. ప్రాణం నిలబడుతుందో లేదో చెప్పడానికి ఇంకా సమయం కావాలంది.

కళ్ళు తెరిచాక పాపాయమ్మ దుప్పటి కింద పల్లంగా ఉన్న చోటు చూసుకుంది. ఏడవలేదు. "రేడియో తెచ్చేవా?" అంది.

తెచ్చాడు. వద్దని కుమారి నెత్తీ నోరూ బాదుకున్నా తెచ్చాడు. ఆవిడ అడిగింది కాదనడానికి ఆయనకి నోరు లేదు. మంచం పక్కన బల్ల మీద పెట్టి, వార్తలు వినిపించాడు. వార్తలైపోయాయి. వేణువు ముక్క మొదలైంది. పోయిన పెద్దాయన శ్రోతలకు నమస్కారం అన్నాడు.

ఏసుపాదం చేయి చాపి నాబ్ పూర్తిగా తిప్పేశాడు.

పాపాయమ్మ ఆయన చేతివైపు చూసింది. తరువాత ఆయన ముఖంవైపు చూసింది. "ప్రకటనా?" అంది.

"ప్రకటనే అక్కా."

ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. 'ఆమెన్' అంది. "పెంచరా."

"ఇంకా అవలేదక్కా."

మళ్ళీ చదివింది. మళ్ళీ ఆమెన్ అంది. ఆయన తల అడ్డంగా తిప్పాడు. మూడోసారి సగంలో ఆగిపోయింది. నీరసంగా, ఏ కోపమూ లేకుండా, చిన్నప్పుడు పలక పారేసుకొచ్చిన తమ్ముణ్ణి అడిగిన గొంతుతో అంది.

"ఇంత పొడుగు ప్రకటనని మొదటిరోజే తిప్పేయాల్సిందిరా ఏసూ."

పాపాయమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. ఏసుపాదం నాబ్ మీద నుంచి చేయి తీయలేదు. అరగంట అవడానికి ఇంకా చాలా ఉంది.